సిన్సా, ఫరా? తెలుగునే అడుగుదాం

"ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాతృభాషలో ఆలోచించకండి" అని హైస్కూల్ నుంచి వింటూనే ఉన్నాం. ఈ సలహా నాకు నచ్చదు. ముఖ్యంగా కాలాన్ని చెప్పే మాటల దగ్గర, అదే, వ్యాకరణంలో కాలవాచక క్రియావిశేషణాలు అంటారే, అక్కడ మనం తెలుగులో సగం ఆలోచించి ఆపేస్తున్నాం. పూర్తిగా ఆలోచిస్తే చాలా తప్పులు పోతాయి.

"పదేళ్ల నుంచి బెంగళూరులో ఉంటున్నాం." ఇది మన వాక్యం. ఇంగ్లీషులోకి తెచ్చేసరికి "వుయ్ ఆర్ లివింగ్ ఇన్ బెంగళూరు సిన్స్ టెన్ ఇయర్స్" అవుతుంది. క్లాసు నవ్వుతుంది. పోయినేడు మాతో చదివే ఒకమ్మాయి ఇలాగే అంది, అందరూ నవ్వారు. సెమిస్టర్ అయ్యేదాకా ఆ క్లాసులో ఆ పిల్ల మళ్లీ నోరు విప్పలేదు. నిజానికి ఆమె అన్నదానికి కారణం ఉంది. మన "నుంచి" రెండు పనులు చేస్తుంది: "2016 నుంచి" అన్నా సరే, "పదేళ్ల నుంచి" అన్నా సరే. ఇంగ్లీషులో మొదలైన చోటికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. పైగా ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం కాబట్టి మనకి "ఉంటున్నాం" చాలు, వాళ్లకి "హావ్ బీన్" కావాలి.

అలాగని ఈ తేడా తెలుగుకి తెలీదనుకోకండి. మనకి "గా" ఉంది. "పదేళ్లుగా", "వారం రోజులుగా" అంటాం. "సోమవారంగా ఉంటున్నాను" అని ఎవరైనా అంటారా? కాబట్టి "నుంచి" తీసేసి "గా" పెట్టి చూడండి. అతికితే ఫర్, అతక్కపోతే సిన్స్. "రెండు నెలల నుంచి" రెండు నెలలుగా అవుతుంది, ఫర్. "చిన్నప్పటి నుంచి"కి గా అతకదు, సిన్స్. గ్రామర్ గైడ్‌లో ఒక పేజీ బట్టీ పట్టే బదులు ఇది చాలు.

"ఇంకా" కూడా ఇలాంటిదే. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడం. నాన్న "ఇన్నూ బందిల్ల" అన్నా, "ఇన్నూ తింతా ఇద్దాళె" అన్నా మాట ఒక్కటే. అమ్మ "ఇంకా రాలేదు", "ఇంకా తింటోంది" అన్నా అంతే. ఇంగ్లీషు మాత్రం మొదటిదానికి యెట్, రెండోదానికి స్టిల్ అంటుంది. "లేదు" ఉందా, లేదా అని చూసుకుంటే మామూలుగా తేలిపోతుంది. (విసుగొస్తే వాళ్లూ "షి స్టిల్ హాజ్‌న్ట్ కమ్" అంటారు. మనం ఆ విసుగుని గొంతులోనే పెట్టేస్తాం: "ఇంకా రాలేదూ!")

క్రియ దగ్గర అసలు చిక్కు ఉంది. "నిన్న చూశాను", "ఇప్పటికే చూశాను". మనకి రెండింటికీ "చూశాను" ఒక్కటే. ఇంగ్లీషులో ఆ చిన్న కాలం మాటే క్రియ రూపాన్ని నిర్ణయిస్తుంది. ఎస్టర్డే వచ్చిందంటే "హావ్ సీన్" కుదరదు, "సా" అనాల్సిందే. ఆల్రెడీ అయితే "హావ్ సీన్". అదీ బ్రిటిష్ పద్ధతిలో. అమెరికా వాళ్లు "ఐ ఆల్రెడీ ఏట్" అని హాయిగా అనేస్తారు. రేమండ్ మర్ఫీ గ్రామర్ పుస్తకం చివర అనుబంధంలో ఈ సంగతి ఉంది. మన పేపర్లలో మాత్రం దానికి ఎర్ర సిరా పడుతుంది.

ఇక లోటు అన్నివేళలా మనవైపే ఉందా అంటే, అదీ కాదు. మొన్న, ఎల్లుండి అని మనం ఒక్క మాటలో అంటాం. నాన్న మొన్నె, నాడిద్దు అంటారు. ఇంగ్లీషు వాళ్లు "ద డే బిఫోర్ ఎస్టర్డే" అంటూ నాలుగు మాటలు పేర్చుకోవాలి. దానికి మనమేమీ నవ్వలేదు.

మన డిపార్ట్‌మెంట్ మేడమ్‌లకి, ఇంగ్లీషు మేడమ్‌లకి నా మనవి ఒక్కటే. ఫస్టియర్ పిల్లలకి వారానికి ఒక గంట ఇద్దరూ కలిసి తీసుకోండి. బోర్డు మీద ఒకవైపు తెలుగు వాక్యం, ఇంకోవైపు ఇంగ్లీషు వాక్యం. కన్నడం పిల్లలుంటే మూడో వరస. ఉదాహరణలు కావాలంటే మా ఇంట్లో రోజూ అనుకునే మాటలే రెండు పేజీలు రాసిస్తాను.