గుర్తు పెట్టేవాళ్లు లేకపోతే...

రోడ్డు వెడల్పు చేయాలనుకుంటే మున్సిపాలిటీ వాళ్లు ముందుగా వచ్చి గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టి వెళ్తారు. కూల్చేవాళ్లు తర్వాత వస్తారు. మన కణాల్లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. అక్కడి ఎర్రరంగు పేరు యుబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాలున్న బుల్లి ప్రోటీన్. ఇది అతుక్కుందంటే ఆ ప్రోటీన్‌కు చాలావరకు రోజులు దగ్గరపడ్డట్టే. ఈ గుట్టు విప్పినందుకే సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

గుర్తు దేనికి పెట్టాలో తేల్చేవి లైగేజ్‌లనే ఎంజైములు. మన శరీరంలో వీటి రకాలు వందల్లో ఉన్నాయి. కొన్ని కణం పైపొరలోనే పాతుకుని ఉంటాయి. ఆ పొర మీద ఏ ప్రోటీన్లు ఎన్ని ఉండాలో చూసుకోవడం వీటి పని.

పేగునే తీసుకోండి. దాని లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదైపోతుంది. అందుకోసం అక్కడి మూలకణాలు విభజన చెందుతూనే ఉండాలి. ఆ కబురు తెచ్చేది వింట్ అనే ప్రోటీన్. దాన్ని వినే చెవి, కణం మీదుండే ఫ్రిజిల్డ్ అనే గ్రాహకం. మరి చెవులు ఎక్కువైతే? చిన్న కబురే పెద్ద కేకలా వినిపిస్తుంది. కణాలు అదుపు తప్పుతాయి. అలా జరక్కుండా ఆర్‌ఎన్‌ఎఫ్43, జెడ్‌ఎన్‌ఆర్‌ఎఫ్3 అనే రెండు లైగేజ్‌లు ఫ్రిజిల్డ్‌కు యుబిక్విటిన్ తగిలిస్తాయి. కణం దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. లైసోజోమ్ అనే సంచిలో అది జీర్ణమైపోతుంది. ఎదుగుదల అవసరమైన చోట ఆర్-స్పాండిన్ అనే మరో ప్రోటీన్ వచ్చి, గుర్తు పెట్టే ఈ రెండింటినే పొర మీంచి తప్పిస్తుంది!

నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లీవర్స్ బృందం ఎలుకల పేగుల్లో ఈ రెండు జన్యువులనూ తీసేసి చూసింది. కణితులు పుట్టుకొచ్చాయి. ఆ సంగతి 2012లో వెల్లడైంది. మరి మనుషుల్లో? పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో నూటికి 18కి పైగా ఆర్‌ఎన్‌ఎఫ్43 జన్యువు దెబ్బతిని ఉందని 2014లో తేలింది.

దీంతో వైద్యులకు ఓ దారి కనిపించింది. చెవులెన్ని ఉన్నా అసలు కబురే రాకపోతే? వింట్ బయటికి రాకుండా ఆపే మందులను రోగుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. అయితే ఓ చిక్కుంది. మన ఎముకల గట్టిదనానికీ ఆ కబురే కావాలి. దాన్ని ఆపితే ఎముకలు గుల్లబారే ప్రమాదముంది. కణితికి వినపడకుండా, ఎముకకు వినపడేలా చేయడమెలా? పరిశోధకుల ముందున్న ప్రశ్న అదే.