పై సర్కారు పడి లేచిన కథ

మొన్న ఒక పని మీద నల్లగొండ జిల్లా త్రిపురారం వెళ్ళాను. తిరుగు బస్సు కోసం చూస్తూ టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటే, పక్కన నలుగురు కుర్రాళ్ళు సెల్‌ఫోన్‌లో ‘స్టార్ వార్స్’ పెట్టుకుని తగువు పడుతున్నారు. నా సంచీలోంచి తొంగి చూస్తున్న సినిమా పత్రిక వాళ్ళ కంట పడింది. ఇంక వదుల్తారా!

“అన్నా, మీరు గీ పేపరుకు రాస్తరా? అయితే ఒకటి చెప్పున్రి. ఇంగ్లీషోళ్ళు చుక్కల్ల సర్కారు పెట్టిన్రు. కూలగొట్టిన్రు. మళ్ళ నిలబెట్టిన్రు. మనోళ్ళకు గసుంటి కథ ఒక్కటన్న ఉన్నదా?”

“ఉన్నది తమ్మీ. ఒకటి మీ ఊరి పేర్లోనే ఉన్నది” అన్నాను. అంతలో బస్సొచ్చింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను.

త్రిపురారం అన్న పేరు ఎలా వచ్చిందో తేల్చడం నా పని కాదు. కానీ ‘త్రిపుర’ అన్న మాట చెవిన పడగానే గుర్తొచ్చేది భారతం కర్ణపర్వంలోని కథ. తెలుగులో దాన్ని మనకు చెప్పింది తిక్కన. తారకాసురుడి కొడుకులు ముగ్గురు: తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి. వాళ్ళకు మయుడు కట్టి ఇచ్చిన పట్నాలు మూడు. స్వర్గంలో బంగారంది, ఆకాశంలో వెండిది, నేల మీద ఇనుపది. తలచుకున్న చోటికి కదిలిపోయే పట్నాలవి. వెయ్యేళ్ళకోసారి మూడూ ఒకచోట కలుస్తాయి. ఆ క్షణాన శివుడు ఒక్క బాణం వేశాడు. సర్కారు బూడిద! ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా రోదసి సామ్రాజ్యం కథే. కానీ దీనికి పతనం ఉంది గాని పునరుద్ధరణ లేదు. మూడు పట్నాలు కాలిపోయాక మళ్ళీ కట్టినవాడు లేడు.

మరి పడి, మళ్ళీ లేచిన సర్కారు మనకు లేదా? ఉంది. దాన్ని మనం సర్కారు అనుకోకుండా ఇన్నాళ్ళూ నవ్వుకుంటూ చూశాం. అదే తెలుగు వెండితెర యమలోకం!

నవ్వకండి. కాస్త లెక్క వేసి చూడండి. దర్బారుంది. పోలీసులున్నారు, వాళ్ళని యమభటులంటారు. జైలుంది, శిక్షా స్మృతి ఉంది. పై కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ ఇంద్రుడో బ్రహ్మో ఉంటారు. అన్నిటికీ మించి, దస్తరం ముందేసుకుని ఊరందరి జాతకాలూ తన గుప్పిట్లో ఉన్నట్టు కూర్చునే గుమాస్తా ఉన్నాడు. మన పల్లెల్లో చిత్రగుప్తుణ్ణి ఎవరూ కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. తెలంగాణలో ఆయన్ని పట్వారీ అనేవారు, ఆంధ్రలో కరణం అనేవారు. ఆయన రాసిందే భూమి, ఆయన కొట్టేసిందే శిస్తు!

ఈ పై సర్కారు తెలుగు తెర మీద హాస్యానికి చిక్కింది 1960లో, ‘దేవాంతకుడు’ చిత్రంతో. దర్శకుడు సి. పుల్లయ్య, కథానాయకుడు ఎన్.టి.రామారావు. మూలం 1958లో బెంగాలీలో వచ్చిన ‘జమాలయే జీబంత మానుష్’. ఆ పేరుకి అర్థం యమాలయంలో ప్రాణమున్న మనిషి అని. కిటుకంతా ఆ పేరులోనే ఉంది. చచ్చినవాళ్ళని ఏలడం యముడికి తెలుసు. బతికున్నవాడు వచ్చి ఎదురుగా నిలబడితే ఏ సెక్షను కింద కేసు పెట్టాలి? అంతకుముందు మన పౌరాణిక చిత్రాల్లో యముడంటే హాలులో పిల్లలు తల్లి కొంగు చాటుకి దూరేవారు. ఇక్కడి నుంచి భయపడే వంతు యముడిది అయింది.

అయితే అసలు గోల 1977లో మొదలైంది. ఆ ఏడాది మే 25న అమెరికాలో జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ విడుదలైంది. అదే ఏడాది మన దగ్గర తాతినేని రామారావు దర్శకత్వంలో ‘యమగోల’ వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా రెండూ పై లోకాల్లో రాజ్యం చేసేవాణ్ణి కిందివాడు ఎదిరించే కథలే. అక్కడ లూక్ స్కైవాకర్ చేతిలో వెలుగు కత్తి. ఇక్కడ మన సత్యం చేతిలో ఏముంది? నోరు! డి.వి.నరసరాజు రాసిన మాటలున్నాయి. అవి చాలు.

‘యమగోల’లో ఎన్టీఆర్ వేసిన సత్యం యమలోకం చేరి, అక్కడి న్యాయాన్నే నిలదీసి, అక్కడివాళ్ళనే కూడగట్టి కొలువంతా అతలాకుతలం చేస్తాడు. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. ఆ ఇద్దరి మొహాల్లో పై అధికారికీ కింది గుమాస్తాకీ మధ్య ఉండే భయమూ, విసుగూ, ఒకరి తప్పు ఒకరు కప్పుకునే తొందరా ఎంత బాగా పలికాయో! సత్యనారాయణ గదమాయిస్తే హాలు దద్దరిల్లుతుంది. మరుక్షణం సత్యం ఒక ప్రశ్న వేస్తే ఆ గొంతే నీరుగారిపోతుంది. ఆ జారుడులోనే సినిమా అంతా ఉంది. నేను పుట్టకముందు వచ్చిన చిత్రం ఇది. టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్క చిత్రగుప్తుడి దగ్గర కూడా ఉండదు.

ఆ ఏడాది సంగతి కూడా తలుచుకోవాలి. 1975 జూన్‌లో పెట్టిన ఎమర్జెన్సీ 1977 మార్చిలో ఎత్తేశారు. ఇరవై ఒక్క నెలలు నోరు నొక్కుకుని కూర్చున్న జనం ముందు, సింహాసనం మీది వాణ్ణి ఒక మామూలు మనిషి అడ్డంగా కడిగేస్తుంటే ఈలలు పడవా మరి! 1979లో ఈ దర్శకుడే దీన్ని హిందీలో ‘లోక్ పర్‌లోక్’గా తీశాడు. జితేంద్ర హీరో. హీరోయిన్ మాత్రం ఇక్కడా అక్కడా జయప్రదే.

లూకాస్ సర్కారు ఎలా పడిందో తెలుసా? చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. వేల గ్రహాలు కలిసి నడుపుకునే రిపబ్లిక్ అది. సెనేట్ ఉంది, ఓట్లున్నాయి. యుద్ధం వచ్చిందని చెప్పి పాల్పటీన్ అనే పెద్దమనిషి అత్యవసర అధికారాలు పుచ్చుకుంటాడు. 2005లో వచ్చిన ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’లో ఇక నుంచి ఇది సామ్రాజ్యం అని ఆయన ప్రకటిస్తే, సెనేట్ లేచి చప్పట్లు కొడుతుంది! తుపాకీ పేల్చి రిపబ్లిక్‌ని ఎవరూ కూల్చలేదు. సభ్యులే చేతులారా అప్పగించారు. తర్వాత 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో తిరుగుబాటుదారులు ఆ సామ్రాజ్యాన్ని కూల్చి కొత్త రిపబ్లిక్‌కి దారి వేస్తారు. 2015లో వచ్చిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’లో ఆ కొత్త రాజధాని గ్రహమండలం ఒక్క దెబ్బకి మాడిపోతుంది. త్రిపురాల మీద పడ్డ ఒక్క బాణం గుర్తొచ్చిందా?

మనవాళ్ళ పద్ధతి వేరు. యమలోకాన్ని ఎవరూ కాల్చరు. తప్పు లెక్క బయటపెడతారు. అంతే, సర్కారు వణుకుతుంది. 1988లో రవిరాజా పినిశెట్టి తీసిన ‘యముడికి మొగుడు’ చూడండి. ఆయువు తీరకముందే చిరంజీవిని పైకి లాక్కుపోయారు. తీరా తప్పు తెలిసేసరికి కింద శరీరం లేదు. ఇప్పుడు నష్టపరిహారంగా ఇంకో శరీరం వెతికి పెట్టాలి. ఆఫీసులో మన ఫైలు తప్పిపోతే పడే పాట్లు తెలిసినవాళ్ళకి ఆ నవ్వులో కసి కూడా తెలుస్తుంది. 1994లో ఎస్.వి.కృష్ణారెడ్డి ‘యమలీల’లో అయితే ఏకంగా దస్తరమే జారి భూమ్మీద పడింది! దాన్ని వెతుక్కుంటూ యముడూ, బ్రహ్మానందం వేసిన చిత్రగుప్తుడూ రోడ్ల మీద పడ్డారు. కాగితం పోయిన సర్కారుకి పదవీ లేదు, పరువూ లేదు. హీరోగా అలీ. ఆ పుస్తకంలో తన తల్లి ఆయువు చదివి అతను పడే వేదన ఈ వరసలో ఏ చిత్రంలోనూ లేదు. నవ్వి నవ్వి ఉన్నట్టుండి గొంతు పట్టేస్తుంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. ఈ పై సర్కారులో వేషాలు వేసినవాళ్ళు వరసబెట్టి కింది సర్కారులోకి వచ్చారు. సత్యం వేసిన ఎన్టీఆర్ 1982 మార్చిలో తెలుగుదేశం పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టు 16న ఆయన్ని గవర్నరు దించేస్తే, జనం గోల చేయగా సెప్టెంబరు 16న మళ్ళీ అదే కుర్చీ ఎక్కారు. పెరగడం, పడడం, లేవడం అన్నీ మూడేళ్ళలోపే! పైగా పట్వారీ, కరణాల వ్యవస్థను రద్దు చేసింది కూడా ఆయన ప్రభుత్వమే, ఆ 1984లోనే. తెర మీద చిత్రగుప్తుణ్ణి ఏడిపించిన మనిషి ఊళ్ళో చిత్రగుప్తుడి ఉద్యోగమే ఊడబెరికాడన్నమాట. అదే చిత్రంలో ఉన్న రావు గోపాలరావు 1986లో రాజ్యసభకు వెళ్ళారు. జయప్రద రాజ్యసభ, లోక్‌సభ రెండూ చూశారు. సాక్షాత్తూ యముడు సత్యనారాయణ 1996లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు నెగ్గారు. ‘యముడికి మొగుడు’ చిరంజీవి 2012లో కేంద్ర మంత్రి అయ్యారు. లూకాస్ సెనేట్‌లో కూర్చున్న నటులెవరికీ ఇంత అనుభవం లేదని నా గట్టి నమ్మకం!

2007లో పై సర్కారులో ఏకంగా కుట్ర జరిగింది. రాజమౌళి ‘యమదొంగ’లో జూనియర్ ఎన్టీఆర్ యమపాశం కాజేసి తనే సింహాసనమెక్కుతాడు. యముడు మోహన్‌బాబు (ఆయనా అప్పటికే రాజ్యసభ చేసి వచ్చినవారే). చివరికి యమలోకంలో ఎన్నికలు! ‘యమగోల’లోని పాట కొత్త తాళంతో మళ్ళీ వినిపిస్తుంది, తాతగారు గ్రాఫిక్స్‌లో కనిపిస్తారు. తాత నిలదీసిన కుర్చీని మనవడు ఎక్కి కూర్చోవడంలోని సరదా రాజమౌళికి బాగా తెలుసు.

తర్వాతే వచ్చింది చిక్కు. 2012లో ‘దరువు’ వచ్చింది, అదే ఏడాది అల్లరి నరేష్‌తో మళ్ళీ ‘యముడికి మొగుడు’ వచ్చింది, 2014లో ‘యమలీల 2’ వచ్చింది. పాత పేర్లు, పాత కిరీటాలు, పాత దున్నపోతు. లేనిదల్లా ప్రశ్న. యముణ్ణి ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్నారు గాని, ఎందుకు ఆటపట్టిస్తున్నామో మరిచిపోయారు. అధికారం లేనివాణ్ణి ఏడిపిస్తే నవ్వెలా వస్తుంది? సత్యనారాయణ యముడికి ముందు భయపడ్డాం గనక తర్వాత నవ్వాం. ఆ భయం వెయ్యగలిగిన గొంతు 2022 డిసెంబరులో మూగబోయింది. నా దృష్టిలో తెలుగు యమలోకం కూలిపోయింది ఇక్కడే. తిరుగుబాటు వల్ల కాదు, అలవాటు వల్ల.

పదేళ్ళ తర్వాత పై సర్కారు మళ్ళీ లేచింది, వేరే వేషంలో. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ విడుదలైంది. (1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో మనల్ని 2504 దాకా తీసుకెళ్ళారని మరవొద్దు. అప్పుడు భూమి పైన బతకలేక జనం నేల కింద తలదాచుకుంటారు.) ‘కల్కి’లో మిగిలిన నగరం ఒక్క కాశీ. దాని నెత్తిన గాలిలో తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్. కింద నీళ్ళు లేవు, పచ్చదనం లేదు, అన్నీ పైనే. ఏలిక సుప్రీం యాస్కిన్‌గా కమల్‌హాసన్. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. పాపపుణ్యాల పద్దు పోయి యూనిట్ల పద్దు వచ్చిందన్నమాట. చిత్రగుప్తుడి పని ఇప్పుడు యంత్రం చేస్తోంది, దాంతో వాదించడానికి వీల్లేదు!

ఆకాశంలో వేలాడే ఆ కోట చూసినప్పుడు హాలులో నాకూ ఒళ్ళు జలదరించింది. యాభై ఏళ్ళుగా ఇంగ్లీషువాళ్ళ గ్రహాలు చూసి నోరు తెరిచిన మనం, మన కాశీ మీద మన అశ్వత్థామతో మన సొంత రోదసి సర్కారుని చూసుకున్నాం. కానీ ఒక్క పేచీ ఉంది. ప్రభాస్ వేసిన భైరవకి ఆ సర్కారు తప్పని తోచదు. తనకీ అందులో ఒక గది కావాలి, అంతే. దాని కోసం యూనిట్లు పోగేస్తుంటాడు. ఎదురు తిరిగేవాళ్ళు ఎక్కడో శంభలలో దాక్కున్నారు. కింద ఎడారిలో బిందె పట్టుకు తిరిగే మనిషికి సత్యంలాంటి నోరు ఇంకా రాలేదు.

కథ రెండో భాగానికి వాయిదా పడింది గనక ఆశ వదులుకోనక్కర్లేదు. భైరవ ఎలాగైనా పైకి చేరతాడు, హీరో కదా! చేరాక యాస్కిన్‌తో కత్తి దూస్తాడా, లేక ముందు ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏదీ, ఆ పద్దు పుస్తకం ఇలా తే” అంటాడా? రెండోది జరిగితే మొదటి ఆటకి మొదటి ఈల నాది.