కొలత పట్టడం తెర నేర్పదు

అంగన్‌వాడీ టీచర్లకు పోషకాహార శిక్షణను ఆన్‌లైన్‌లో ఇవ్వడం మంచిదే. కేంద్రం మూయక్కర్లేదు, మరిచిన పాఠం మళ్లీ చూసుకోవచ్చు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. ఈ లోపం పసిగట్టాలంటే ఎత్తు సరిగా కొలవాలి, అది చేతిపని. రెండేళ్లు నిండని బిడ్డను పడుకోబెట్టి, తల ఒకరు, మోకాళ్లు ఒకరు పట్టి కొలవాలి. నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఏడ్చి కాళ్లు ముడుచుకునే బిడ్డను పట్టడం ఏ వీడియో నేర్పుతుంది? వేలమందికి నేరుగా శిక్షణంటే ఖర్చన్న మాట నిజమే. కానీ అందరినీ జిల్లా కేంద్రానికి పిలవనక్కర్లేదు. నెలవారీ సెక్టార్ సమావేశంలో సూపర్‌వైజర్ ఎదుట కొలిపిస్తే సరి. సర్టిఫికెట్ ఆ తర్వాతే ఇవ్వాలి. ప్రభుత్వ పోషణ్ ట్రాకర్ యాప్‌లో చేరేది ఆ చేతి కొలతే మరి!