నెత్తుటి బొట్టు చెప్పే జోస్యం

పొట్టేలును ఎంచుకునే కాపరి దాని రొమ్ము వెడల్పు, కాళ్ల దిట్టతనం, తల్లి పాడి చూస్తాడు. అంత చూసినా, గొర్రెపిల్ల ఎంత తూగేదీ తేలడానికి నెలలు గడవాలి. అంతవరకూ మేత, కాపలా అన్నీ ఖర్చే. పసితనంలోనే ఒక నెత్తుటి బొట్టు తీసి, ఇది ఎదిగే పిల్ల, ఇది కాదు అని చెప్పగలిగితే ఎంత బాగుండును!

ఈ ఆశకు బీజం 1955లో పడింది. గొర్రె రక్తంలోని హీమోగ్లోబిన్ ఒకే తీరున ఉండదని హారిస్, వారెన్ అనే శాస్త్రజ్ఞులు ఆ ఏడు వెల్లడించారు. విద్యుత్తు ప్రసరింపజేసినప్పుడు ‘ఎ’ రకం వేగంగా, ‘బి’ రకం మెల్లగా కదులుతాయి. కొన్ని గొర్రెలలో రెండూ ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి సంక్రమించడమే దీనికి కారణం. ఆ ఏడే టొరంటోలో ఆలివర్ స్మితీస్ గంజిముద్దలో మాంసకృత్తులను వేరుచేసే పద్ధతి కనిపెట్టాడు. చిన్నతనంలో తల్లి చొక్కాలకు పెట్టే గంజి చల్లారి గడ్డకట్టడం గుర్తుకు రావడమే దానికి మూలమట! ఈ పద్ధతి వచ్చాక రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌లోనూ అనేక భేదాలు బయటపడ్డాయి.

‘ఎ’ రకం ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది, ‘బి’ రకం అంత గట్టిగా పట్టదు. మరి ఎదుగుదలలోనూ తేడా ఉండాలి కదా? దేశదేశాల్లో పిల్లలను తూచి, రక్తం పరీక్షించి చూశారు. ఒక మందలో ‘ఎ’ రకానిది పైచేయి, మరొక మందలో ‘బి’ రకానిది, ఇంకొకచోట ఏ భేదమూ లేదు.

ఈ గందరగోళానికి కారణం ఊహించలేనిది కాదు. మందలోని పిల్లల్లో చాలావాటికి తండ్రి ఒకటే. మంచి ఒడ్డూపొడుగూ ఉన్న ఆ పొట్టేలుకు ‘బి’ రకం ఉంటే, ఘనత అంతా ‘బి’ ఖాతాలో జమపడుతుంది. నిజానికి ఎదుగుదలను నడిపేవి అసంఖ్యాకమైన జన్యువులు. వాటికి తోడు తల్లి వయస్సు, పాలు, ఈనిన కాలం, ఒంటరి పిల్లా కవలా అన్న సంగతి.

అట్లని ఈ భేదం నిరర్థకం కాదు. ‘ఎ’ రకం గొర్రెకు రక్తం క్షీణించినప్పుడు, అది ‘సి’ అనే మరొక హీమోగ్లోబిన్‌ను తయారుచేసుకుంటుంది. ‘బి’ గొర్రెకు ఆ శక్తి లేదు. నాలుగో పొట్టలో చేరి నెత్తురు పీల్చే పురుగును తట్టుకోవడంలో ‘ఎ’ రకానిదే మెరుగని స్కాట్లండ్ నల్లమొహం గొర్రెలపై 1978లో వెలువడిన పరిశోధన తెలిపింది. పురుగు పీడించే చిత్తడి పచ్చికల్లో ఇది బరువుకూ సంబంధించిన విషయమే.

నేటి పరీక్షకులు రక్తంలో వెదికేది గుర్తును కాదు, నేరుగా జన్యువునే. సుందరవనాల చిన్న గొర్రె గరోల్‌లో ఎక్కువ పిల్లలను ఈనించే జన్యుమార్పు ఒకటుంది. ఆ మార్పు 2001లో గుర్తింపబడింది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో సంకరం ద్వారా దానిని దక్కనీ గొర్రెలోకి తెచ్చారు. దానివల్ల కవలలు పెరుగుతాయి. కానీ కవలపిల్ల పుట్టుకలోనే తేలిక, పాలలోనూ దానికి సగం వాటాయే. కనుక పొట్టేలును ఎంచేటప్పుడు కవలను కవలతోనే పోల్చి తూచాలి, ఒంటరి పిల్లతో కాదు.