జీర్ణోద్ధరణము

గుడియో చెరువో శిథిలమైనపుడు క్రొత్తది కట్టించుటకంటె ఉన్నదానిని బాగుచేయించుటయే మిన్నయని మన పెద్దలు చెప్పుచుండెడివారు. దానికే జీర్ణోద్ధరణమని పేరు. ఆ ధర్మము మన వంటయింటి సామానునకు మాత్రము వర్తింపదా?

గత మాసమున మా యింటి మిక్సీ తిరుగుట మానినది. కొన్న దుకాణమునకు కొనిపోగా, విప్పి చూడకయే, "పాతబడినది, క్రొత్తది తీసికొనండి" అనిరి. మేము తిరిగివచ్చి, వీధి మొగను బల్ల వేసికొని కూర్చుండు ముదుసలికి చూపితిమి. అతడు విప్పి, "అమ్మగారూ, మోటారు చెడలేదండీ, కార్బను బ్రష్షులు అరిగినవి" అని రెండు చిన్న ముక్కలు మార్చెను. ఆ పూటనే పప్పు రుబ్బుకొంటిమి.

ఒకప్పుడు కళాయి పూయువారు, గిన్నెలకు మాట్లు వేయువారు, గొడుగులు బాగుచేయువారు మన గుమ్మములకే వచ్చెడివారు. నేడు వారి కేక వినబడుట అరుదు. వారు లేనందున కొద్దిపాటి లోపముగల వస్తువు కూడ చెత్తబండి పాలగుచున్నది. దానిని మోయు ఖర్చు పట్టణముపై బడుచున్నది.

కొన్ని నగరము లీ సంగతి గ్రహించినవి. ఆస్ట్రియా రాజధానియైన వియన్నా 2020లో మరమ్మతు చీటీల నేర్పరచినది. చెడిన వస్తువును బాగుచేయించుకొన్నవారికి అయిన ఖర్చులో సగము, 100 యూరోలకు మించకుండ, నగరమే భరించు పద్ధతి యది. స్వీడనులోని ఎస్కిల్‌స్టూనాలో 2015లో, జనులు పాతసామాను వదలు స్థలము ప్రక్కనే ఒక అంగడి సముదాయము వెలసినది. వదలినవానిని ఏరి, బాగుచేసి, అచ్చటనే అమ్ముదురు. మన దేశమునను 2023 మే మాసమున, పాత బట్టలు, పుస్తకములు, ఆటవస్తువులు స్వీకరించు కేంద్రములను పట్టణములలో తెరచిరి. మంచిదే. కాని స్వీకరించిన వస్తువు మరల పనికివచ్చుటకు బాగుచేయు చేయి కావలదా?

ఈ నెల ఇస్త్రీపెట్టె చెడగా మేము మరల వీధి మొగకు పోతిమి. ముదుసలి లేడు. బాట వెడల్పు చేయుచు అతని బల్లను తొలగించిరని ప్రక్క కొట్టువారు చెప్పిరి. చెత్త మోయుటకు బండ్లు కొను పట్టణము, వస్తువు చెత్త కాకుండ ఆపువానికి నాలు గడుగుల చోటీయలేదా? 2014 నాటి వీధి వర్తకుల చట్టము, సరకులమ్మువారినే కాక సేవలు చేయువారిని గూడ వీధి వర్తకులుగా గుర్తించినది. కావున అతనికి చోటు చూపుడని మన వార్డు కౌన్సిలరును అడుగుట అన్యాయపు కోరిక కాదు.

తప్పు పట్టణమువారిదే యనుటయు సరికాదు. క్రొత్త వస్తువునకు వేలకు వేలు మాఱుమాటాడక చెల్లించు మనము, బాగుచేసినవాని కూలిలో పది రూపాయలు తగ్గింపజూతుము. ఆనాడు మేమును అట్లే బేరమాడితిమి. ఇప్పుడు తలచుకొన్న సిగ్గగుచున్నది.

సోదరీమణులారా! మీ వీధిలో అట్టివాడింకను ఉన్నచో, మూలబడిన వస్తువును నేడే అతనికి చూపుడు. అడిగిన కూలి నిండుగ నిండు. మా ఇస్త్రీపెట్టెను మేము పారవేయలేదు. ఆ ముదుసలి జాడకై విచారించుచున్నాము.