తెరపై హీరోయిజం.. థియేటర్లో వేధింపు

జూబ్లీహిల్స్: వైద్య కళాశాలలో సీనియర్ మాటే శాసనం! 2017లో వచ్చిన ‘అర్జున్‌రెడ్డి’లో ఈ పెత్తనం హీరోయిజంగా చలామణీ అయింది. వైద్య విద్యార్థి అయిన కథానాయకుడు ఓ జూనియర్‌ను తనదని ప్రకటిస్తే తోటివారు తలొగ్గుతారు. ఫిలింనగర్ తెరపై చప్పట్లు కొట్టించిన ఇదే ధోరణి, ఆసుపత్రిలో విద్యార్థులను కుంగదీస్తోంది.

వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో 2023 ఫిబ్రవరి నాటి విషాదం మరువరానిది. అనస్థీషియా మొదటి సంవత్సరం పీజీ విద్యార్థినిని సీనియర్ వేధిస్తున్నాడన్న ఫిర్యాదుపై విభాగాధిపతి ఇద్దరినీ పిలిచి మాట్లాడారు. మరునాడే, 22న, ఆమె ఎంజీఎం ఆసుపత్రిలో అపస్మారక స్థితిలో కనిపించింది. 26న నిమ్స్‌లో కన్నుమూసింది. వేధింపుల ఆరోపణపై సీనియర్‌ను పోలీసులు అరెస్టు చేశారు.

నిబంధనలకు కొదవ లేదు. రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2021లో జాతీయ వైద్య కమిషన్ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రెసిడెంట్ల విధులు సాధారణంగా వారానికి 48 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే ఆదేశించింది. అమలే కరవు.

మూలం శిక్షణ తీరులోనే ఉంది. కత్తి పట్టడం పుస్తకంతో అబ్బదు, పైవారు చేయనివ్వాలి. కేసులు అప్పగించేది, లాగ్‌బుక్‌పై సంతకం పెట్టేది ఆ విభాగమే.  ఇక నోరు విప్పేదెవరు?

ఫిర్యాదులను విభాగంతో సంబంధం లేనివారు విచారించాలి. అది తేలేదాకా ఇద్దరికీ ఒకేచోట డ్యూటీ వేయరాదు. తప్పు దిద్దడం గురువు ధర్మం, అవమానించడం కాదు. భయంతో వణికే చేయి రోగికీ ప్రమాదమే.