ట్రాక్టరు భాగముల మార్పునకు అనుమతి యెప్పుడు కావలయును?

కోతలు ముగిసి పంట యింటికిని అంగడికిని తరలు దినములలో మన కొత్తపల్లెలో ట్రాక్టరునకు గల గిరాకి మఱి దేనికిని లేదు. ఆ దినములలోనే బేరింగు అరుగును, బ్రేకు సడలును, ట్రాలీ కమాను పట్టీ విరుగును. రైతు నంద్యాలకో ఆళ్లగడ్డకో పోయి, దొరికిన సామానును తెచ్చి, మిస్త్రీచే బిగింపించి, ఆ రాత్రికే బండిని మరల పనికి పెట్టును. ఇందు దోషమేమని సభ్యులు కొందఱు మమ్మడుగుచున్నారు. మరమ్మతునకును మార్పునకును నడుమ నొక హద్దు గలదు. దాని నెఱుగుట ప్రతి రైతునకును అవసరమని మా యభిప్రాయము.

చెడిన భాగమును తీసి, తయారీదారు నిర్దేశించిన యదే రకము, అదే కొలత గల భాగమును బిగించుట మరమ్మతు. దీనికి ఎవరి యనుమతియు నక్కఱలేదు. బండి మూల లక్షణమే మారునట్లు దాని నిర్మాణమును సవరించుట మార్పు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు తయారీదారు తొలుత నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. కేరళనుండి వచ్చిన యొక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2019 జనవరి 9వ తేదీన ఈ నియమమునే స్థిరపఱచినది. ఆ సంవత్సరపు సవరణ చట్టము, అనుమతి లేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జుల్మానాగాని, ఆఱు మాసములవఱకు ఖైదుగాని, రెండునుగాని విధించినది.

ఇంజను సంగతి ప్రత్యేకము. ఇంజను మొత్తముగా మార్చినచో దాని సంఖ్య మారును. పత్రములో పాత సంఖ్యయే యుండును. అట్టి మార్పును 14 దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, పత్రమును సరిచేయించుకొనవలెనని అదే సెక్షను చెప్పుచున్నది. ముందుగనే అనుమతి పొందుట క్షేమము.

అయితే మన పల్లెలలో ఎక్కువగా జరుగునది ఇంజను మార్పు కాదు, ట్రాలీ మార్పు. నాలుగు బస్తాలు ఎక్కువ పట్టునని పక్కపలకలను ఎత్తు చేయుదురు. బరువు మోయునని కమానులకు పట్టీలు చేర్తురు. పొడవు చాలదని ఛాసీకి ఇనుమును అతికింతురు. బరువు పెరిగినను బ్రేకు మాత్రము పాతదే. బరువు రెట్టింపైనచో అదే వేగమున నాపుటకు బ్రేకు రెట్టింపు శక్తిని హరింపవలయును. పల్లమున ట్రాలీయే ట్రాక్టరును ముందునకు నెట్టును. బస్తాలు ఎత్తుగ పేర్చిన కొలది బండి గరిమకేంద్రము పైకి పోయి, కాలువ గట్టు మలుపున తిరుగబడుట సులభమగును. ఆ బస్తాలమీద కూలివారును కూర్చుండి వత్తురను మాట మఱువరాదు. ప్రమాదమే జరిగిన, అనుమతి లేని మార్పును చూపి బీమా కంపెనీ వాదమునకు దిగవచ్చును. అప్పుడు కుటుంబము ఇటు మనిషిని, అటు పొలమును గూడ పోగొట్టుకొను నపాయము గలదు.

"అసలు సామాను ప్రియము; కోతల వేళ దొరకదు; కార్యాలయమునకు పోయిన దినము కూలి పోవును" అని రైతులు చెప్పుదురు. ఇది అబద్ధము కాదు. నియమము మంచిదైనను, దానిని పాటించు దారి రైతునకు దూరమైనచో, తప్పంతయు రైతుపై మోపుట న్యాయము కాదు. ఆస్ట్రేలియా దేశమున 4.5 టన్నులకు మించిన బరువు బండ్ల మార్పులకు, అధికారము పొందిన పరీక్షకుడు చూచి, ధ్రువపత్రమిచ్చి, బండికి ఫలకము బిగించు పద్ధతి గలదు. భాగమునకు సరిసమానమైన భాగమును వేయుట అక్కడను మార్పుగా నెంచబడదు. పరీక్షకుడు బండి యున్న చోటికి చేరువలో దొరకుటయే మనము గ్రహింపవలసిన విషయము.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, రవాణా శాఖవారు కోతలకు ముందు మండలమున కొకసారియైన తనిఖీ శిబిరము పెట్టి, ట్రాలీలను ఉన్నచోటనే చూచి, సరిదిద్దదగిన వానికి గడువియ్యవలయును. రెండవది, మన సంఘము బ్రేకు సామానును, కమాను పట్టీలను, బేరింగులను కోతలకు ముందే కొని నిలువయుంచి, సభ్యులకు కొన్నధరకే యియ్యవలయును. మూడవది సభ్యుల పని. ప్రతి మరమ్మతునకు రసీదు తీసికొని, భాగము సంఖ్యను అందు వ్రాయింపుడు. అతుకు వేయించుటకును, పలకలు ఎత్తుటకును ముందు సంఘ కార్యాలయమున అడిగి తెలిసికొనుడు.

ఇందు సంఘము చేయదగిన దానిని రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చించి, తీర్మానించి, కోతలకు ముందే యమలునకు తెత్తురుగాక యని సభ్యులను కోరుచున్నాము.